నవ్వింది మేమే, నవ్వులపాలైందీ మేమే

'ట్రూ లైస్' సినిమా మాకిష్టం. ఈ మాట ముందే అనేస్తే తర్వాత మాట్లాడుకోవడం తేలిక. 1994 జులైలో అమెరికాలో విడుదలైన ఈ సినిమాని మా తరం ముస్లిం కుర్రాళ్లం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. కొందరం హాల్లో చూశాం, ఎక్కువమందిమి ఇంట్లో వీడియోలో చూశాం. ఆ వీసీఆర్ కూడా జెడ్డా నుంచో కువైట్ నుంచో మామూ మోసుకొచ్చిందే. అద్దె క్యాసెట్ తెచ్చి, అమ్మీ నమాజుకి లేచినప్పుడు సౌండు తగ్గించి, మళ్లీ పెంచి చూశాం. పడీ పడీ నవ్వాం.

తప్పని తెలిసీ మానుకోలేని సరదాలు అందరికీ ఉంటాయి. సత్యజిత్ రాయ్ గురించి సభల్లో మాట్లాడే పెద్దమనిషి రాత్రి తలుపులేసుకుని ఫైటింగు సినిమా చూస్తాడు. అది ఆయన అభిరుచికి సంబంధించిన గుట్టు. బయటపడితే మిత్రులు వెక్కిరిస్తారు, అంతే. మా గుట్టు అలాంటిది కాదు. ఈ సినిమాలో చచ్చేవాళ్ల పేర్లు సలీం, అజీజ్, సమీర్. మా ఇళ్లలో అన్నం తినడానికి పిలిచే పేర్లు. ఆ పేరున్నవాడు తెరమీద మెట్లమీంచి దొర్లి చస్తుంటే, అదే పేరున్న వాడు మా పక్కన కూచుని చప్పట్లు కొట్టాడు. దీన్ని ఏమనాలో మీ సినీ విమర్శలో మాట లేదు. అందుకే ఈ వ్యాసం.

కథ పెద్దగా ఏమీ లేదు. హ్యారీ టాస్కర్ (ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్) అమెరికా రహస్య సంస్థ గూఢచారి. ఇంట్లో మాత్రం కంప్యూటర్లు అమ్మే ఉద్యోగిలా నటిస్తుంటాడు. భార్య హెలెన్ (జేమీ లీ కర్టిస్) విసిగిపోయి ఉంటుంది. ఒకవైపు 'క్రిమ్సన్ జిహాద్' అనే ముఠా అణుబాంబులు సంపాదిస్తుంది, ఇంకోవైపు ఆమె ఇంకెవడి మాయమాటల్లోనో పడబోతుంది. రెండు ప్రమాదాల్నీ హీరో ఒకే చేత్తో దులిపేస్తాడు. క్లోద్ జిదీ తీసిన 'లా టోటాల్' (1991) అనే ఫ్రెంచి హాస్య చిత్రాన్ని జేమ్స్ కామెరాన్ అమెరికాకి తెచ్చి ఇంతింతై వటుడింతై అన్నట్టు పెంచాడు. పదికోట్ల డాలర్లకి తగ్గని ఖర్చుతో తీసిన మొదటి సినిమాగా అప్పట్లో దాన్ని చెప్పుకున్నారు.

మాకెందుకు నచ్చింది? గుర్రం వల్ల నచ్చింది. అజీజ్ మోటారుసైకిలు మీద పారిపోతుంటే హ్యారీ ఒక పోలీసు గుర్రాన్ని లాక్కుని వెంటపడతాడు. గుర్రం పెద్ద హోటల్లోకి దూరుతుంది, వంటింట్లోంచి దౌడు తీస్తుంది, లిఫ్టెక్కుతుంది. లిఫ్టులో ఒక ముసలి జంట ఉంటారు, వాళ్ల మొహాలకి గుర్రం తోక తగులుతుంటుంది. పైకప్పు మీంచి అజీజ్ బండితో సహా పక్క భవనం ఈతకొలనులోకి దూకేస్తాడు. హీరో కూడా దూకబోతాడు. గుర్రం అంచు దగ్గర ఆగిపోతుంది. ఆ మొత్తం సినిమాలో తెలివున్న ప్రాణి అదొక్కటే. ఆ తర్వాత ఆర్నాల్డ్ దాన్ని నిలబెట్టి చీవాట్లేస్తాడు. 'మోసగాళ్లకు మోసగాడు' నుంచి 'కొదమ సింహం' దాకా తెలుగు హీరోల గుర్రాల్ని చూసినవాళ్లం మేం. ఒక్క గుద్దుకి పదిమంది గాల్లోకి లేస్తే మాకు అతి అనిపించదు, రివాజు అనిపిస్తుంది. కానీ హీరో మాట గుర్రం వినకపోవడం మాకు కొత్త. అతి చేస్తూ చేస్తూ, చేస్తున్నది అతి అని కన్నుగీటే సినిమా అది.

ఆర్నాల్డ్ సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్ల తాలింఖానాల్లో గోడమీద 786 కింద ఆయన బొమ్మ ఉండేది. ఉస్తాద్ ఎవరికైనా దండ చూపించమన్నాడంటే ఆ బొమ్మవైపు చూసి చూపించేవాళ్లు. వెల్డింగు చేసేవాడు, పంక్చర్లు వేసేవాడు, మటన్ కొట్టేవాడు సాయంత్రం వచ్చి ఆ బొమ్మ ముందు బస్కీలు తీసేవాళ్లు. పరాయి దేశం నుంచి వచ్చి, ఒంటిని నమ్ముకుని పైకొచ్చినవాడు. ఇంగ్లీషు కూడా మాలాగే తడబడుతూ, తన యాస దాచుకోకుండా మాట్లాడతాడు. మావాడనిపించడానికి ఇంతకన్నా ఏం కావాలి? సినిమా మొదట్లో విందులో ఆయన అరబ్బీ కూడా మాట్లాడతాడు. మేం ఈలలేశాం.

ఇక్కడే మొదటి పితలాటకం ఉంది. ఆస్ట్రియా యాస నోటినిండా ఉన్న హ్యారీ టాస్కర్‌ని, నీదే ఊరు, నువ్వెక్కణ్నించొచ్చావు అని సినిమాలో ఒక్కరూ అడగరు. ఆయన అమెరికా. అంతే. మా తాతల తాతలు ఇక్కడి మట్టిలోనే కలిసినా, మా నోట ఉర్దూ యాస కాస్త పలికితే చాలు ఎక్కణ్నించొచ్చారని అడుగుతారు. కొందరికి యాస కూడా అడ్డురాదు.

సినిమాలో మేం అందరికన్నా ఎక్కువ నవ్విన చోటు బ్యాటరీ సీను. దాని గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి. అజీజ్ వీడియో కెమెరా ముందు నిలబడి అమెరికాకి హెచ్చరిక చదువుతుంటాడు. దూరం నుంచి బాంబులేసి మా ఆడవాళ్లనీ పిల్లల్నీ చంపినవాళ్లు మమ్మల్ని ఉగ్రవాదులంటారా అంటాడు. గల్ఫ్ ప్రాంతం నుంచి మీ సేనలన్నీ వెళ్లిపోవాలి, లేకపోతే వారానికో నగరం తగలబెడతాం అంటాడు. ఆవేశం పెరిగే కొద్దీ కెమెరా పట్టుకున్న కుర్రాడి మొహం పాలిపోతుంది. బ్యాటరీ అయిపోయింది. ఆ మాట నాయకుడికి ఎలా చెప్పాలో తెలీక నీళ్లు నములుతాడు. ఎంత చక్కటి హాస్యమో. పనిమంతుడైన దర్శకుడికే అది సాధ్యం. మన సభల్లో వక్త ఊగిపోతున్నప్పుడు మైకు పోవడం చూసిన వాళ్లెవరైనా నవ్వుతారు.

కానీ పోయిన బ్యాటరీతోపాటు ఏం పోయిందో చూడండి. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లో అమీరియా ఆశ్రయ కేంద్రం మీద అమెరికా బాంబులు పడ్డాయి. 400 మందికి పైగా మామూలు జనం, చాలామంది ఆడవాళ్లూ పిల్లలూ, అక్కడే కాలిపోయారు. సినిమా వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకి. అంటే అజీజ్ నోట్లో రచయిత పెట్టిన ఆ ఒక్క వాక్యం గాల్లోంచి పుట్టింది కాదు. కామెరాన్‌కి తెలుసు. తెలుసు కాబట్టే పెట్టాడు. పెట్టినవాడే, ఆ మాట మనసుకెక్కే లోపు బ్యాటరీ తీసేశాడు. నగరాల్ని తగలబెడతానన్నవాణ్ని మేమెందుకు వెనకేసుకొస్తాం? వాడు పోవాల్సినవాడే. కానీ అమీరియాలో కాలిపోయిన పిల్లల గురించి మాట్లాడే హక్కు ఈ రెండున్నర గంటల సినిమాలో వాడికొక్కడికే ఇచ్చారు. వాడితోపాటు ఆ పిల్లలూ హాస్యం కిందకే పోయారు.

గల్ఫ్ అంటే ఆ సినిమాకి సైన్యం దిగే చోటు. మాకది జీతం వచ్చే చోటు. 1990లో సద్దాం కువైట్‌ని ఆక్రమించినప్పుడు లక్షన్నరకి పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తీసుకొచ్చారు. ఆ విమానాల్లో కడప జిల్లావాళ్లున్నారు, హైదరాబాద్‌వాళ్లున్నారు, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికెళ్లిన ఆడవాళ్లున్నారు. హిందువులూ ముస్లింలూ క్రైస్తవులూ అందరూ ఉన్నారు. వాళ్ల గురించి ఎవరూ యాక్షన్ కామెడీ తియ్యరు.

అజీజ్‌గా వేసిన నటుడు ఆర్ట్ మాలిక్. 1952లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్‌లో పుట్టి బ్రిటన్‌లో పెరిగినవాడు. ఈయన పాత్రల వరస చూస్తే ఒక చరిత్ర పుస్తకం చదివినట్టుంటుంది. 1984లో బ్రిటిష్ టీవీలో వచ్చిన 'ది జ్యూయల్ ఇన్ ది క్రౌన్'లో ఆయన హరికుమార్. ఇంగ్లండులో చదువుకుని, ఇంగ్లీషువాడిలాగే మాట్లాడే భారతీయ యువకుడు. తెల్లమ్మాయి మీద అత్యాచారం చేశాడని అతని మీద నేరం మోపి, జైల్లో చిత్రహింసలు పెడతారు. చెయ్యని నేరం. అంత సున్నితమైన పాత్రని అంత బాగా చేసినవాడికి 1987లో జేమ్స్‌బాండ్ సినిమా 'ది లివింగ్ డేలైట్స్'లో ఏ వేషమిచ్చారు? అఫ్ఘాన్ ముజాహిదీన్ నాయకుడు కమ్రాన్ షా. గుర్రాలెక్కి, గడ్డాలతో, తుపాకులతో ఆయన మనుషులు బాండ్‌కి సాయం చేస్తారు. హీరోకి దోస్తులు. మంచివాళ్లు. ఎందుకంటే అప్పుడు వాళ్లు కాలుస్తున్నది రష్యావాళ్లని. ఆ మరుసటేడు 'రాంబో 3' కూడా అఫ్ఘాన్ ప్రజల వీరత్వానికి సలాం చేసింది. 1994 వచ్చేసరికి రష్యా లేదు. అదే నటుడు, అదే గడ్డం, అదే తుపాకీ. ఇప్పుడాయన పేరు సలీం అబూ అజీజ్.

ఏడేళ్లలో మారింది ఆ మొహం కాదు, దాన్ని చూసే కన్ను. మారిన సంగతి సినిమావాళ్లకి కూడా తెలుసుననడానికి ఒక చిన్న సాక్ష్యం ఉంది. అజీజ్‌కి 'ఇసుక సాలీడు' అనే మారుపేరుందని ఆఫీసులో చెబుతారు. ఆ పేరెందుకని అడిగితే, వినడానికి భయంగా ఉంటుందనేమో అన్నట్టు జవాబొస్తుంది. అదీ జోకే. భయం ఎలా తయారుచేస్తారో చెప్పేసి, నవ్వించి, మళ్లీ అదే భయంతో కథ నడుపుకుంటారు. ఇంత నిజాయితీగా అబద్ధమాడడం మా దగ్గరి సినిమాలకి చేతకాలేదు.

ఆ జవాబు చెప్పేవాడి పేరు ఫైసిల్. హ్యారీ జట్టులో కుర్రాడు. పేరు మాది, ఉద్యోగం వాళ్లది. సినిమా చివర్లో టీవీవాళ్ల కెమెరా మోసుకుని ఉగ్రవాదులున్న భవనంలోకి వెళ్లేది ఇతనే. కెమెరాలోంచి తుపాకీ తీసి కాల్చేస్తాడు. రెండు కెమెరాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. చెడ్డ ముస్లిం కెమెరాలో బ్యాటరీ లేదు. మంచి ముస్లిం కెమెరాలో తుపాకీ ఉంది. బొమ్మ తియ్యగలిగిన కెమెరా మాత్రం ఇద్దరికీ ఇవ్వలేదు.

ఈ మంచి ముస్లిం మీకు బాగా తెలిసినవాడే. 'రోజా' (1992) వచ్చినప్పుడు నమాజు చేస్తున్న తీవ్రవాదినీ, మంటలార్పడానికి జెండామీద పడి దొర్లే హీరోనీ ఒకదాని పక్కన ఒకటి చూపిస్తే హాళ్లలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అది డిసెంబరు 6కి కొన్ని నెలల ముందు. 2002లో 'ఖడ్గం'లో ఆటో నడిపే అంజద్ (ప్రకాష్‌రాజ్) ఉన్నాడు. దేశభక్తుడు. తమ్ముడు ఉగ్రవాది. ఒకే ఇంట్లో ఒకడు అలాంటివాడు, ఒకడు ఇలాంటివాడు ఉంటే తప్ప మా ఇల్లు తెలుగు సినిమాలోకి రాదు. ఆటో కిస్తీ కట్టలేక, చెల్లెలి నిఖాకి జోడాకు డబ్బులు కుదరక కొట్టుకునే అంజద్ మాకు తెలుసు. జెండాకి సంజాయిషీ చెప్పుకునే అంజద్ మీకు తెలుసు. ఈ విషయంలో 'ట్రూ లైస్' నయం అనిపిస్తుంది. ఫైసిల్ ఎవరికీ దేశభక్తి ఉపన్యాసం ఇవ్వడు. నెల జీతానికి పనిచేస్తాడు.

ఆడవాళ్ల సంగతి చాలామంది రాశారు, మేం క్లుప్తంగా చెబుతాం. పెళ్లాం ఎవరితోనో తిరుగుతోందని అనుమానం రాగానే హ్యారీ ఉగ్రవాదులమీద పెట్టాల్సిన ఫోన్ ట్యాపింగునీ, వ్యాన్లనీ, మనుషుల్నీ ఆమెమీద పెడతాడు. ఆమెని ఎత్తుకుపోయి, అద్దం వెనక దాక్కుని, గొంతు మార్చి ప్రశ్నలు వేస్తాడు. హోటల్ గదిలో చీకట్లో కూచుని ఆమెతో డాన్సు చేయిస్తాడు. మధ్యలో ఆమె జారిపడుతుంది, మనం నవ్వుతాం, జేమీ లీ కర్టిస్‌కి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. నిజంగా ఆమె దానికి తగినదే. కానీ ఆ వ్యాను మా వీధిలో కూడా ఆగింది కాబట్టి మాకింకోటి కనిపిస్తుంది. నిఘా అనేది ఒకసారి చేతికొచ్చాక ఎవరిమీదకైనా తిరుగుతుంది. ఇంటిదానిమీద తిరిగినప్పుడు అది ప్రేమకథ, మామీద తిరిగినప్పుడు దేశరక్షణ. రెండుసార్లూ క్షమాపణ ఉండదు.

ఉగ్రవాదులకి చిక్కాక హ్యారీకి నిజం చెప్పించే మందు ఎక్కిస్తారు. ఇదీ గొప్ప సీనే. మందు నరాల్లో ఉంటే అబద్ధమాడలేడు కాబట్టి, నిన్నెలా చంపబోతున్నానో తెలుసా అని ఎదుటివాడికి పూసగుచ్చినట్టు చెప్పి, చెప్పినట్టే చంపుతాడు. అదే మత్తులో భార్య అడుగుతుంది, నువ్వెవర్నైనా చంపావా అని. చంపాను, కానీ వాళ్లంతా చెడ్డవాళ్లే అంటాడు. హాలంతా నవ్వుతుంది. ఈ డైలాగుని జోక్ అని వదిలెయ్యడం తేలిక. కానీ అది నిజం మాత్రమే చెప్పగలిగిన నోట్లోంచి వచ్చిన మాట అని గుర్తుపెట్టుకోండి. సినిమా పేరులో 'అబద్ధాలు' ఉంది, 'నిజం' ఉంది. అన్ని అబద్ధాల మధ్య నిజమని ముద్రవేసి ఇచ్చింది ఈ ఒక్కటే. అందరూ చెడ్డవాళ్లే. అంతలోనే హెలెన్ చేతిలోంచి జారిన తుపాకీ మెట్లమీద తనంతట తనే దొర్లుతూ పేలుతూ పదిమందిని కూల్చేస్తుంది. తుపాక్కి కూడా తెలుసన్నమాట, ఎవరు చెడ్డవాళ్లో!

ఆ సినిమా వచ్చిన తొమ్మిది నెలలకి, 1995 ఏప్రిల్ 19న, ఓక్లహామా నగరంలో ప్రభుత్వ భవనాన్ని పేల్చేశారు. 168 మంది చచ్చిపోయారు. ఆ రోజు టీవీల్లో మధ్యప్రాచ్యం మనుషుల కోసం వెతుకుతున్నామన్నారు. జోర్డాన్ మూలాలున్న ఒక అమెరికా పౌరుణ్ని లండన్‌లో ఆపి, వెనక్కి పంపి, ప్రశ్నించారు. చివరికి దొరికినవాడు టిమోతీ మెక్‌వే, గల్ఫ్ యుద్ధంలో పోరాడి పతకం తెచ్చుకున్న అమెరికా సైనికుడు. మాకు దగ్గర్లోది చెప్పమంటే 2007 మే 18 శుక్రవారం. మక్కా మసీదులో పేలుడు, తొమ్మిదిమంది. ఆ తర్వాత పోలీసు కాల్పులు, మరో అయిదుగురు. చచ్చిందీ ముస్లింలే, ఆపైన పదుల సంఖ్యలో పోలీసులు ఎత్తుకుపోయిందీ పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లనే. హింసలు పెట్టారు. కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే వాళ్లలో కొందరికి నష్టపరిహారం ఇవ్వాల్సొచ్చింది. ఆ కుర్రాళ్లలో కొందరైనా చిన్నప్పుడు మాలాగే ఆ గుర్రాన్ని చూసి నవ్వే ఉంటారు.

సినిమా వల్లే ఇదంతా జరిగిందని మేమనడం లేదు. కామెరాన్‌కి మా పాతబస్తీ ఎక్కడుందో కూడా తెలియదు. కానీ అనుమానం వచ్చినప్పుడు పోలీసు మనసులో మెదిలే బొమ్మ ఎక్కడో ఒకచోట గీయబడి ఉండాలి కదా. జాక్ షహీన్ అనే అరబ్ అమెరికన్ పండితుడు 900కి పైగా హాలీవుడ్ సినిమాలు వెతికి 2001లో ఒక పుస్తకం వేశాడు. నిర్మూకాల నాటినుంచీ ఆ బొమ్మ ఒక్కటే. బురఖా, ఒంటె, కత్తి, తర్వాత్తర్వాత బాంబు.

ఈ సినిమా మాట ఎత్తితే మాకు రెండు రకాల మిత్రులు తగులుతారు. ఒకరు, అది ఉత్త వినోదం, మీకన్నిటిలోనూ మతమే కనిపిస్తుందా అంటారు. రెండోవారు, ఇలాంటి సినిమాని మీరు చూడడమేంటి, బహిష్కరించాలి కదా అంటారు. మొదటాయనకి ఒకటే ప్రశ్న. చచ్చేవాళ్లందరికీ మీ ఇంటిపేరు పెట్టి ఒక సినిమా తీస్తే, అప్పుడు గుర్రం ఎంతసేపు నవ్విస్తుందో చెప్పండి. రెండో ఆయన మీద మాకు గౌరవముంది. 1994లో అమెరికా అరబ్బు సంఘాలు హాళ్ల ముందు నిలబడి నిరసన తెలిపాయి, వాళ్లు చేసింది న్యాయం. కానీ ఆయన మాలో నవ్వేవాణ్ని ఒప్పుకోడు. ముస్లిం అంటే ఆయనకి గాయపడ్డవాడే కావాలి. మసీదు కూలినప్పుడు ఏడ్చేవాడు కావాలి, కవిత్వంలో రగిలేవాడు కావాలి. బిర్యానీ తిని, కాళ్లు చాపుకుని, ఆర్నాల్డ్‌ని చూసి ఈల వేసేవాడు ఆయన వ్యాసంలో ఎక్కడా ఇమడడు. మేం నవ్వాం. దానికి తౌబా చెప్పుకోవాల్సిన పని మాకు లేదు. వంతెన అంచున ఊగుతున్న వ్యానులో ఉగ్రవాదులు బతికిపోయామని ఊపిరి పీల్చుకోగానే ఒక గూడబాతు వచ్చి ముందు వాలుతుంది, వ్యాను పడిపోతుంది. దానికి నవ్వని ముస్లిం ఉంటే చూపించండి.

నవ్వు మాదే. దాని కిరాయి మాత్రం మా దగ్గరే రెండుసార్లు వసూలు చేశారు. ఒకసారి టిక్కెట్టు కౌంటర్లో, ఒకసారి పోలీసు నాకాలో.

2001 సెప్టెంబరు 11 తర్వాత ఈ సినిమాకి రెండో భాగం తీసే ఆలోచన కామెరాన్ మానుకున్నాడు. ఉగ్రవాదాన్ని ఇక అంత తేలిగ్గా తీసుకోలేమన్నాడు. ఎవరికి అప్పటిదాకా తేలిగ్గా ఉండేదో ఆయన చెప్పలేదు. 2023లో ఇదే పేరుతో అమెరికా టీవీలో ఒక ధారావాహిక వచ్చి ఒక్క విడతకే ఆగిపోయింది. పాత సినిమా మాత్రం నడుస్తూనే ఉంది. ఇప్పటి పిల్లలు ఫోన్లలో గుర్రం ముక్క, బ్యాటరీ ముక్క విడివిడిగా చూసుకుని నవ్వుతున్నారు.

అంతా అయ్యాక, పేర్లు పడేటప్పుడు, చిట్టచివర ఒక ప్రకటన వస్తుంది. ఈ సినిమా కల్పితమనీ, ఏ ఒక్క సంస్కృతి లేదా మతం చేతల్నీ నమ్మకాల్నీ ఇది చూపించడం లేదనీ అందులో రాసి ఉంటుంది. అది వచ్చేసరికి హాల్లో లైట్లు వెలిగి జనం సైకిల్ స్టాండుకి పరిగెత్తుతుంటారు. మా ఇంట్లో అయితే అప్పటికే ఎవరో ఒకరు లేచి క్యాసెట్ వెనక్కి తిప్పుతుండేవాళ్లు, తిప్పకుండా ఇస్తే షాపువాడు రూపాయి ఎక్కువ తీసుకుంటాడని.